మా ఇంటి సముద్రానికి సంపు

సముద్రానికి పది మైళ్ల దూరాన కాపురం ఉంటూ, మళ్లీ ఇంట్లో మరొక సముద్రం ఎందుకండీ అని మమ్మల్ని అడగని చుట్టం లేడు. ప్రశ్న సబబైనదే. లంజిపల్లి వంతెన దగ్గర ఆటో ఎక్కితే గంటలోపల గోపాలపురం ఒడ్డున కాళ్లు తడుపుకోవచ్చు. కాని ఒడ్డున నిలుచున్నవారికి కనపడేది నురగా, ఇసుకా, తెల్లవారుజామున వల లాగే జాలరుల వీపులూ మాత్రమే. నీటి అడుగున జరిగే సంసారం తీరికగా చూడాలంటే మధ్య గాజు గోడ ఒకటి ఉండాలి. ఆ ముచ్చటతో 2018 జనవరిలో మేము ముందు గదిలో ఉప్పునీటి తొట్టె పెట్టుకున్నాము. వచ్చినవారందరూ అందులోని చేపల్ని చూసి మెచ్చుకుని, కాఫీ తాగి వెళతారు. ఆ చేపల్ని బతికించే సరంజామా అంతా బల్ల కింద, తలుపుల వెనుక ఉన్నది. దాని సంగతి నాలుగు మాటలు చెప్పడం ఇటువంటి ముచ్చట ఉన్నవారికి ఉపయోగపడుతుందని ఈ వ్యాసం.

ముందుగా మన తీరం సంగతి. గంజాం తీరాన పగడపు దిబ్బలు లేవు. పగడపు జీవికి వెచ్చని నీరు కావాలి, ఉప్పదనం నిలకడగా ఉండాలి, ఎండ అడుగుదాకా దిగేటంత తేటదనం కావాలి. దాని ఒంటిలో సూక్ష్మమైన నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు ఎండతో ఆహారం వండి ఇంటివారికి పెడుతుంది. మనవైపు మహానది, ఋషికుల్య, వంశధార వంటి నదులు వానాకాలంలో తెచ్చి పోసే మట్టితో నీరు బురదౌతుంది, మంచినీటితో ఉప్పు పలచబడుతుంది. అందుకే మన దేశంలో పెద్ద దిబ్బలు మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, అండమాను నికోబారు దీవులు, లక్షద్వీపాలు, వీటి దగ్గరే పెరిగాయి. కనుక దిబ్బ చేపల్ని ఇంట్లో పెంచదలచినవారి పని ఏమంటే, నీటిని తేటగా ఉంచడం, ఉప్పు హెచ్చుతగ్గులు లేకుండా చూడడం, నీటిని ఒక్క గంట కూడా నిలువ ఉండనివ్వకపోవడం. ఈ మూడు పనులూ చేసిపెట్టేది కింది సంపు.

ఈ ఏర్పాటు కొత్తది కాదు. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ అనే ఆయన 1871లో లండను దగ్గర క్రిస్టల్ పాలెస్‌లో మత్స్యశాల ఏర్పాటు చేసినప్పుడు, చూపుడు తొట్టెల్లో ఉన్న నీటికంటె ఎన్నో రెట్లు నీటిని కింద చీకటి తొట్టెలో దాచి, ఆవిరి యంత్రాలతో రాత్రింబగళ్లు పైకి తోడిస్తూ ఉండేవాడు. చీకట్లో నాచు పట్టదు. నీరు ఎక్కువ ఉంటే త్వరగా వేడెక్కదు, త్వరగా చెడదు. కదిలే నీటికి గాలి బాగా కలుస్తుంది. మనవైపు 1909లో మద్రాసు మెరీనా ఒడ్డున మత్స్యశాల తెరిచారు. బరంపురం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాజధానిలోనిదే గదా. చదువులకూ వ్యాజ్యాలకూ అక్కడికి వెళ్లిన మన పెద్దలలో దానిని చూసి వచ్చినవారు ఉండే ఉంటారు. యుద్ధకాలంలో, 1942లో అది మూతపడింది.

సంపు అనే మాట మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. కుళాయి నీరు నేల సంపులో పడుతుంది. మోటారు వేస్తే డాబా మీది ట్యాంకుకు ఎక్కుతుంది. చేపల తొట్టెకూ అదే పద్ధతి, కాకపోతే దిగిన నీరు మురుగు కాలువలోకి పోక మళ్లీ సంపులోకే వస్తుంది. పల్లెటూళ్లలో పుట్టినవారికి ఇంకా సులువుగా చెప్పవచ్చు. చెరువు నిండితే నీరు అలుగు మీదుగా పొర్లుతుంది. మా తొట్టె వెనుక మూలన గాజు పలకతో చిన్న గది కట్టించి, ఆ పలక పై అంచును దువ్వెన పళ్లవలె కోయించాము. అదే మా అలుగు. సంపులోని మోటారు ఎంత నీరు పైకి పంపితే అంత నీరు అలుగు పొర్లి, గొట్టంలో పడి, తన బరువుతోనే కిందికి దిగుతుంది. పైన నీటిమట్టం ఎప్పుడూ అలుగు ఎత్తునే నిలుస్తుంది. నీటిమీద తేలే జిడ్డు పొర కూడా అలుగు దారినే దిగిపోతుంది.

కొలతలు చెబుతాము. పై తొట్టె 48 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు. లెక్కకు 283 లీటర్లు. పైన వదిలిన ఖాళీ, రాళ్లు తీసివేస్తే సుమారు 250 లీటర్ల నీరు. కింది సంపు 30 అంగుళాల పొడవు, 14 వెడల్పు, 16 ఎత్తు. నీరు, గాజు, రాళ్లు, బల్ల అన్నీ కలిపితే నాలుగు వందల కిలోలు దాటుతుంది. అందుచేత మేడమీద పెట్టే ఆలోచన మానుకుని, నేలమీద, గోడవారగా, మట్టం చూసి పెట్టాము. బల్లకీ తొట్టెకీ మధ్య అర అంగుళం థర్మోకోలు పలక పరిచాము. గాజు అతికించిన జిగురు వారం రోజులు ఆరిన తరువాతనే నీరు తగలనిచ్చాము.

గొట్టాలు బిగించడానికి వచ్చిన మేస్త్రీ కేంద్రాపడా జిల్లావాడు. అక్కడి పట్టముండాయి వైపునుంచి కుళాయి పనివారు దేశం నలుమూలలకూ వెళ్లి పనిచేస్తారు. ఆయన ఒడియా, మేము తెలుగు. బరంపురంలో దానివల్ల ఎవరి పనీ ఆగదు. మేము గీసిన బొమ్మ చూసి ఆయన తల అడ్డంగా ఊపాడు.

"దిగే గొట్టం ఒకటేనా బాబూ? డాబా మీద వాననీటికే రెండు తూములు వదులుతాము. ఒకదానికి ఆకు అడ్డం పడితే రెండోది ఉంటుందని. మీ గదిలో నీటికి ఆ మర్యాద అక్కరలేదా?"

ఆ మాట మాకు వెంటనే నచ్చింది. అలుగు గదిలో రెండు గొట్టాలు పెట్టించాము. మొదటిదాని మూతి నీటిలో మునిగి ఉంటుంది. దాని కింద వాల్వు తిప్పి సరిచేస్తే గాలి చొరబడకుండా గొట్టం నిండుగా పారుతుంది, చప్పుడు ఉండదు. రెండోదాని మూతి నీటికి ఒక అంగుళం పైన ఎండగా ఉంటుంది. మొదటిదానికి నత్తో నాచో అడ్డం పడితే నీరు పెరిగి రెండోదానిలో పడుతుంది. అప్పుడు గలగలమని చప్పుడు వస్తుంది. అర్ధరాత్రి ఆ చప్పుడు వింటే లేచి చూడవలసిందే. వాల్వులూ మలుపులూ అన్నీ ప్లాస్టిక్‌వే వాడాలి. ఇత్తడిలో రాగి ఉన్నది. ఉప్పునీటిలో ఆ రాగి కరిగితే రొయ్యలూ నత్తలూ బతకవు.

మా వంటి ఊళ్లో తొట్టె పెట్టేవారు మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న, కరెంటు పోతే ఏమవుతుంది అని. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటిన తరువాత మేము గడిపిన చీకటి రోజులు మరువలేము. అందుచేత మా లెక్కలన్నీ అక్కడనుంచే మొదలుపెట్టాము. మోటారు ఆగగానే అలుగు మీద పొర్లుతున్న నీరు కిందికి దిగుతుంది. పైకి నీరు పంపే గొట్టం మూతి తొట్టెలో మునిగి ఉంటే, ఆ గొట్టం కూడా వెనక్కు పీల్చి, మూతి మట్టందాకా నీటిని సంపులోకి దించివేస్తుంది. మా తొట్టెలో ఒక అంగుళం నీరంటే 14 లీటర్లు. సంపులో ఒక అంగుళం అంటే సుమారు 7 లీటర్లు. సంపులో 9 అంగుళాల నీరు ఉంచి, 7 అంగుళాలు ఖాళీ వదిలాము. అంటే 48 లీటర్ల చోటు. పై గొట్టం మూతిని అంగుళంన్నర లోతున పెడితే 21 లీటర్లు దిగుతాయి. గొట్టాల్లోదీ అలుగు గదిలోదీ మరొక అయిదు లీటర్లు వేసుకున్నా చోటు మిగులుతుంది. అదే మూతిని అయిదంగుళాల లోతున పెడితే 70 లీటర్లు దిగి, ఇరవై లీటర్ల పైచిలుకు గచ్చుమీద పారుతుంది. నీటిని వెనక్కు రానివ్వని వాల్వులు దుకాణాల్లో దొరుకుతాయి. వాటిలో ఒక నత్తగుల్ల ఇరుక్కుంటే మూసుకోవు. కొలత ప్రకారం చోటు వదిలిపెట్టడమే నమ్మదగిన మార్గం.

గొట్టాలు బిగించిన రోజున మంచినీటితో నింపి, స్విచ్చి ఆపడం, వేయడం, పదిసార్లు చేశాము. మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్లు, అబ్బాయికి ఎనిమిది. నీరు ఎక్కడిదాకా లేచిందో సంపుకు బయట సుద్దముక్కతో గీతలు గీయడం వారి పని. పదిసార్లకూ గీత ఒక్కచోటనే పడింది. కరెంటు తీగెలు ప్లగ్గులోకి ఎక్కేముందు కిందికి వేలాడి మళ్లీ పైకి లేచేటట్లు కట్టాము. తీగెవెంట కారిన నీటిచుక్క ఆ వంపులోనే రాలిపోతుంది. కరెంటు లీకయితే దానంతట అదే ఆగిపోయే స్విచ్చి తప్పనిసరిగా వేయించుకోవాలి. ఉప్పునీరూ కరెంటూ ఒకచోట ఉన్న ఇంట్లో పిల్లలున్నారు గదా.

ఇక సంపు లోపలి గదుల సంగతి. గాజు పలకలు అడ్డం పెట్టి నాలుగు గదులు చేశాము. మొదటి గదిలో నీరు వడగట్టు సంచిలో పడుతుంది. తిండి తునకలూ మురికీ అందులో ఆగుతాయి. మూడు రోజులకొకసారి ఆ సంచిని ఉతకాలి. ఉతకకపోతే మురికి అందులోనే కుళ్లి నీటిలో కలుస్తుంది. రెండవ గదిలో నురగ తీసే గొట్టం ఉంటుంది. పంచదార పాకం పట్టేటప్పుడు కాసిని పాలు పోస్తే మడ్డి పైకి తేలుతుంది, గరిటెతో తీసివేస్తాము. ఇదీ అటువంటిదే. గొట్టంలోకి గాలిని సన్నని బుడగలుగా కొడితే, నీటిలో కరిగి ఉన్న జిడ్డు ఆ బుడగలకు అంటుకుని నురగై పైనున్న గిన్నెలోకి పొర్లుతుంది. నాలుగు రోజులకు గిన్నెలో చేరే ముదురు రంగు కషాయం వాసన చూసినవారు, ఇది తొట్టెలోనే ఉండిపోతే చేపల గతి ఏమిటని అడగరు. మంచినీటిలో ఈ పని సరిగా జరగదు. ఉప్పునీటిలోనే బుడగలు అంత సన్నగా వస్తాయి. మూడవ గదిలో చిక్కుపడిన దారపు ఉండవంటి పచ్చని నాచు పెంచుతాము. పై తొట్టెలో దీపం ఆర్పిన తరువాత దీనికి దీపం వేస్తాము. నీటిలో మిగిలిన నైట్రేటును తిని అది పెరుగుతుంది. నెలకొకసారి గుప్పెడు పీకి పారవేస్తే, అంత మురికి నీటినుంచి తీసివేసినట్లే.

నాలుగవ గది మోటారుది. ఆవిరైన నీరు తగ్గేది ఈ గదిలోనే. అందుచేత ఇక్కడ గోడకు ఒక గీత గీసి ఉంచాము. ఆవిరిలో ఉప్పు పోదు, నీరే పోతుంది. కనుక గీతదాకా పోయవలసింది శుద్ధి చేసిన మంచినీరు మాత్రమే. ఉప్పునీరు పోస్తూపోతే నెల తిరిగేసరికి తొట్టె ఊరగాయ జాడీ అవుతుంది. వేసవిలో మాకు రోజుకు మూడు నాలుగు లీటర్లు పడుతుంది.

పైకి పంపే మోటారు ఎంతది ఉండాలి? గంటకు తొట్టె నీరు నాలుగైదుసార్లు సంపు చుట్టి వస్తే చాలును. మాకు అది వెయ్యి, పన్నెండు వందల లీటర్లు. మోటారు అట్టపెట్టె మీద వ్రాసిన అంకె నీటిని ఎత్తవలసిన పని లేనప్పటిది. నాలుగున్నర అడుగులు ఎత్తి, రెండు మలుపులు తిప్పితే అందులో సగం వస్తే గొప్ప. అందుకని 2500 లీటర్ల మోటారు కొన్నాము. అయితే తొట్టె లోపల కావలసిన కదలిక ఇంతకంటె చాలా ఎక్కువ. దానికి రెండు చివరలా చిన్న పంకా మోటార్లు రెండు పెట్టాము. అన్నీ కలిపి గంటకు అయిదువేల లీటర్లు, అంటే తొట్టెకు ఇరవై రెట్లు నీరు తిరుగుతుంది. రాతిని అంటిపెట్టుకుని పలచని నీటిపొర ఒకటి కదలకుండా నిలుస్తుంది. ఆ పొర ఎంత మందంగా ఉంటే, రాతిమీద బతికే జీవులకు ప్రాణవాయువు అందడమూ వాటి మురికి పోవడమూ అంత కష్టం. ధార ఒకే దిక్కునుంచి కొడితే రాళ్ల వెనుక మురికి పేరుకుంటుంది. ఒకటి ఆగితే ఇంకొకటి తిరిగేటట్లు పెడితే నీరు ఇటూ అటూ ఊగుతుంది. గోపాలపురంలో మాకు పరిచయమున్న తెలుగు జాలరి తాత ఒకసారి ఇంటికి వచ్చి చూసి, "ఆటూ పోటూ కూడా పెట్టేశారేటి బాబూ!" అని నవ్వాడు.

ఆ తాతనే ఉప్పునీటి సంగతి అడిగాము. సముద్రం దగ్గరే ఉన్నది గదా, నీరు అక్కడనుంచే తెస్తే పోలేదా?

"వానలు పడ్డాక వద్దమ్మా. అప్పుడు ఏరు నీరే సముద్రం నిండా. నోట్లో పోసుకుంటే చప్పగా ఉంటాది. వేసంగిలో అయితే అలలు దాటి పడవ మీద పోయి తేవాలి. ఒడ్డు నీరు పనికిరాదు" అన్నాడు.

సముద్రాన్ని నాలుకతో కొలిచే మనిషి మాటకు మేము కొన్న తూకపు గొట్టం ఎదురు చెప్పలేదు. పాక్షికంగా కాదు, పూర్తిగా మేము పొట్లం ఉప్పు మీదే ఆధారపడ్డాము. లీటరుకు 35 గ్రాముల చొప్పున మొదటిసారి పదిన్నర కిలోలు పట్టింది. దగ్గరలోనే హుమ్మ ఉప్పు కొఠార్లు ఉండగా డబ్బు పోసి పొట్లం కొనడమెందుకని ఒక చుట్టం అన్నారు. మడిలో సముద్రపు నీరు ఎండేటప్పుడు సున్నపు పదార్థాలు ముందే అడుగున పడిపోతాయి. ఆ తరువాత ఉప్పు గళ్లు కడుతుంది. మెగ్నీషియం చాలావరకు మిగిలిన చేదునీటిలో ఉండిపోయి దానితోనే పోతుంది. కాబట్టి కొఠారు ఉప్పు పచ్చడికి దివ్యంగా ఉంటుందిగాని, నీటిలో కలిపితే సముద్రం కాదు.

తొట్టె నింపిన మర్నాడే చేపలు కావాలని పిల్లలు గొడవ పెట్టారు. చేప విసర్జించే అమోనియా చేపకే విషం. ఒక తెగ సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైటుగానూ, మరొక తెగ దానిని నైట్రేటుగానూ మారుస్తాయి. ఈ సంగతి 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ తేల్చాడు. ఆ సూక్ష్మజీవులు బొరియల రాళ్లలో కాపురం పెట్టి, పిల్లాజెల్లాతో పెరగడానికి నెల, నెలన్నర పడుతుంది. ఇంట్లో మామ్మ పిల్లలకు ఒక్క మాటలో చెప్పింది: "పిండి పులిసేదాకా దోసెలు పోయకూడదు." 1961లో జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్లే నీటిని బాగుచేయగలవని వ్రాసి ప్రపంచానికి తెలియజేశాడు. మేము సముద్రంలో పీకిన రాళ్లు కొనలేదు. కాల్చిన మట్టి బొరియల రాళ్లు పేర్చి, అమోనియా సున్నా అయ్యేదాకా ఆరు వారాలు ఉత్త నీటినీ రాళ్లనూ చూస్తూ కూర్చున్నాము.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. ఆ ఏప్రిల్‌లో చేపలకోసం వేరొక పట్టణంలో ఒక దుకాణానికి వెళ్లాము. యజమాని అమ్మాయి ఆసక్తి చూసి, వెనుక గదిలోకి తీసుకువెళ్లి, ఊదారంగు పగడపు కొమ్మ చూపించాడు. పది చేతులు చాచి నీటిలో ఊగుతున్నట్లున్నది. ధర తగ్గించి ఇస్తానన్నాడు. అమ్మాయి కళ్లు దానిమీదనుంచి కదలలేదు. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఎంత రక్షణో వాటికీ అంతే. సముద్రంనుంచి పీకడమూ నేరమే, అమ్మడమూ నేరమే. వద్దని చెప్పి బయటికి వచ్చాము.

రైల్లో అమ్మాయి అడిగింది. "పీకింది మనం కాదుగా? అది ఎలాగూ పీకేశారు. మన ఇంట్లో అయితే బతికేది. అక్కడ చచ్చిపోతుంది."

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అందుచేత కసరలేదు. "ఈ కొమ్మ అమ్ముడుపోయిందని తెలిస్తే వచ్చే నెల ఇంకొకటి పీకుతారమ్మా. మన ఇంట్లో ఒకటి బతకడానికి అక్కడ ఇంకొకటి తెగాలి" అన్నాము. అమ్మాయి జవాబు చెప్పలేదు. బరంపురం స్టేషను వచ్చేదాకా కిటికీవైపే చూస్తూ కూర్చున్నది. రెండు రోజులు తొట్టె దగ్గరికి రాలేదు.

చేపల విషయంలో ఆ బాధ లేకుండా చూసుకున్నాము. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారూ మరికొందరూ క్లౌన్ చేపల్ని తొట్టెల్లోనే పొదిగించి పెంచే పద్ధతులు సాధించారు. అటువంటి పెంపుడు పిల్లల్నే రెండింటిని తెచ్చాము. నారింజ రంగు మీద తెల్ల పట్టీలు. ఈ చేపలన్నీ మొదట మగవే. జంటలో పెద్దది ఆడదవుతుంది, ఇంటి పెత్తనం దానిదే. ఇది విని మామ్మ, "లోకంలో ఉన్నదేగా" అని ఊరుకున్నది. వాటికి తోడు ఒక రొయ్యనూ, నాలుగు నత్తల్నీ వదిలాము. అయిదో నెలలో ఒక ఉదయం అమ్మాయి కేక వేసి పిలిచింది. రాతిమీద రూపాయంత మేర గులాబీ రంగు పొర పట్టి ఉన్నది. అది సున్నం కట్టే ఒక జాతి నాచు, నత్తగుల్లల వెంట వచ్చింది. పగడం కాదుగాని, దిబ్బల్లో రాయికీ రాయికీ అతుకు వేసేది అదే. దానంతట అదే వచ్చింది గనుక ఎవరి కొమ్మా తెగలేదు. ఆ పొర ఎంత పెరిగిందో ప్రతి ఆదివారం కొలిచి నోటుపుస్తకంలో వ్రాయడం మొదలుపెట్టింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఇంట్లో చీకటితోనే కరెంటు పోయింది. తలుపులు బిగించి కూర్చున్నాము. సంపులో నీరు సుద్దగీత పడినచోటికే లేచి ఆగింది. గచ్చు మీద చుక్క పడలేదు. కాని వరదనుంచి ఇల్లు తప్పించుకుంటే చాలదు. నీరు ఆగితే చేపలకు ప్రాణవాయువు తగ్గుతుంది. రాళ్లలోని సూక్ష్మజీవులకూ అదే గతి. గాలి కొట్టే చిన్న పంపు ఒకటి ఉన్నది. దాని ఖర్చు 5 వాట్లే. ఇన్వర్టరు తాను తినేది ఇంచుమించు 20 వాట్లు.

అప్పుడు బల్లమీద కాగితం పెట్టుకుని లెక్క వేశాము. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ. చెడిపోకుండా వాడుకోగలిగినది 1100 వాట్ గంటలు. మామ్మ గదిలో ఫ్యానూ, రెండు దీపాలూ, పంపూ వేస్తే తొమ్మిది పది గంటలకు అయిపోతుంది. ఫ్యాను, దీపాలు ఆపి పంపు ఒక్కటే వేస్తే రెండు రోజులకు దగ్గరగా వస్తుంది. మామ్మకు ఉబ్బసం. మందు ఆవిరి పట్టే మిషనుకు కరెంటు కావాలి. పూటకు పది నిమిషాలు. ముందు దానికి కావలసినంత విడిగా తీసిపెట్టి, తక్కినదానిలో ఫ్యానుకెంత, చేపలకెంత అని మాలో మేము గుసగుసలాడుకుంటున్నాము. తలుపులన్నీ వేసి ఉండడంచేత గదిలో ఉక్కగా ఉన్నది. పెద్దావిడ ఊపిరికంటె చేపలు ఎక్కువా అని మాకు లోపల పీకుతూనే ఉన్నది.

మామ్మ మంచం మీదనుంచే విన్నది. "ఫ్యాను ఆపండర్రా. నాకు విసనకర్ర ఉన్నది. వాటికి చేతులు లేవు" అన్నది.

ఫ్యాను ఆపాము. గాలి తగ్గిన వైపు కిటికీ ఒకటి తెరిచాము. విసనకర్ర పిల్లలు వంతులు వేసుకున్నారు. గాలి పంపు గొట్టాలు రెండు, ఒకటి తొట్టెలో, రెండోది సంపులో వేశాము. సంపు మూత లేనిది కావడం మేలయింది. మూసిన డబ్బా వడపోత అయితే లోపలి నీరు కుళ్లి, కరెంటు వచ్చాక ఆ విషమంతా తొట్టెలోకి పోతుంది. పగలంతా గంటకొకసారి చెంబుతో నీరు ముంచి, కాఫీ చల్లార్చినట్లు ఎత్తునుంచి పోశాము. ఆ రెండు రోజులూ చేపలకు తిండి వేయలేదు. తింటే నీరు పాడవుతుంది. మర్నాడు రాత్రికిగాని కరెంటు రాలేదు. మామ్మ మిషను ఒక్క పూట కూడా తప్పలేదు. చేపలు రెండూ బతికాయి. రొయ్య పోయింది. అబ్బాయి దానిని పెరటిలో కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టాడు. ఆ తరువాత ఇన్వర్టరుతో పనిలేకుండా బ్యాటరీ మీదే నేరుగా నడిచే చిన్న మోటారు ఒకటి కొని సంపులో ఉంచాము. ఇప్పుడు ఫ్యానుకూ చేపలకూ పోటీ లేదు.

ఖర్చు మాట అడుగుతారు గనుక చెబుతాము. మోటార్లు, నురగ గొట్టం, దీపాలు అన్నీ కలిపి నెలకు సుమారు 50 యూనిట్ల కరెంటు. పదిహేను రోజులకొకసారి 30 లీటర్ల నీరు మార్చడానికి ఒక కిలో పొట్లం ఉప్పు. ఇవి తేలికే. రోజూ గీత చూసి నీరు పోయడం, మూడు రోజులకొకసారి సంచి ఉతకడం, నెలకొకసారి గొట్టం మూతులు తోమడం, పండుగకూ పెళ్లికీ ఊరు వెళ్లినప్పుడు ఎదురింటివారిని బతిమాలుకోవడం, ఇవి ఇంటిల్లిపాదీ ఒప్పుకుంటేనే సాగుతాయి. ఒక్కరి సరదాకోసం పెట్టిన తొట్టె ఆరు నెలలకు అటకెక్కడం మేము చూస్తూనే ఉన్నాము. ఒప్పుకోలేని ఇంట్లో దీనిని మొదలుపెట్టవద్దని మా మనవి.

మా అమ్మాయి ఇప్పుడు పై చదువుకు వేరే ఊళ్లో ఉంటున్నది. ఫోను చేసినప్పుడు మామ్మ ఆరోగ్యం ముందు అడిగి, తరువాత గులాబీ పొర ఎక్కడిదాకా వచ్చిందో అడుగుతుంది. రాళ్లన్నీ అదే రంగయిపోయాయని, కొలవడానికి ఇక చోటు లేదని పోయినసారి చెప్పాము. మన పాఠకులెవరైనా బరంపురం వైపు వస్తే మా ఇంటికి దయచేయండి. చేపల్ని చూసిన తరువాత బల్ల తలుపు తీసి కింది సంపును కూడా చూసి వెళ్లండి.